మోటారుకు వచ్చిన ఫోన్లు

పాత ఫోను కంపెనీలు ఒక్కొక్కటిగా దుకాణం సర్దేసుకుంటున్న కాలమది. నిజామాబాద్ బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని "నంబరు అదే ఉంటుంది, కంపెనీ ఒక్కటే మారుతుంది" అని రోజంతా అరవడమే నా మొదటి ఉద్యోగం. కంపెనీవాళ్లిచ్చిన టీషర్టు వేసుకుంటే (ఒక్క ఉతుకుకే కురచై బొడ్డు పైదాకా ఎక్కింది) జిల్లాకు టెలిఫోను తెచ్చింది నేనే అన్నంత గర్వం. ఆ గర్వంతోనే నందిపేట్‌లోని మా మేనమామ సిమ్ము కూడా పట్టుబట్టి మా కంపెనీలోకి మార్పించాను. అదేమో మామ జేబులో ఉండేది కాదు, పొలంలో బోరు స్టార్టరు డబ్బాలో ఉండేది. ఇంటినుంచి దానికి ఫోన్ చేస్తే మోటారు నడిచేది, మళ్లీ చేస్తే ఆగేది.

మూతపడబోయే పాత కంపెనీకి ఎవరినీ పలకరించే ఓపిక లేదు. మా కంపెనీకి ఓపిక ఎక్కువ. స్వాగతం అని ఒకసారి, కాలర్ ట్యూన్ కావాలా అని ఒకసారి ఆ నంబరుకు ఫోన్లు మొదలుపెట్టింది. మామ పొలానికి పోయి మోటారు ఆపి ఇంటికి వచ్చేలోపు మళ్లీ నడిచేది. ఆ నీళ్లన్నీ పక్క చేను అక్క పసుపులో నిలిచాయి. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. ఏడాదికి ఆమె బతుకంతా ఆ పసుపే.

"ఏం సిమ్మిచ్చినవ్‌రా అల్లుడా! అక్క పార పట్టుకొని మా ఇంటి ముంగట నిలవడ్డది!" అని మామ ఫోన్లో కేకలు. సిమ్ము తీసెయ్యమంటే, "కరెంటు డబ్బాల వేలు పెట్టమంటవా? నాకేమన్నయితే మీ అత్తను నువ్వు సాదుతవా?" అని నామీదికే వచ్చాడు.

మా కంపెనీకే ఫోన్ చేసి, ఆ నంబరుకు చేయడం ఆపండని మొత్తుకున్నాను.

"కస్టమరుతో మాట్లాడవచ్చా సార్?" అంది ఒకమ్మాయి తియ్యగా.

"కస్టమరు మోటారమ్మా!"

"మోటార్ గారు ఎప్పుడు అందుబాటులో ఉంటారు సార్?"

నెత్తి బాదుకుని బండెక్కాను. వెళ్లేసరికి అక్క మోకాలి లోతు బురదలో కాలువ తీస్తోంది. "ఓ సిమ్ముల పిలగా, సూడు నా పసుపు! నీ కంపెనీ నంబరియ్యి, నేనే మాట్లాడుత" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. స్టార్టరు ఎర్ర బటన్ నొక్కి, మోటారు ఆగిందని ఊపిరి పీల్చుకున్నానో లేదో, మోటారు మళ్లీ గుర్రుమంది. వెంటనే నా ఫోను మోగింది. "సార్, మీ ఫిర్యాదు పరిష్కరించాం. నిర్ధారణకు ఇప్పుడే కస్టమరుకు కూడా ఫోన్ చేశాం!"

ఫ్యూజు పీకి సిమ్ము బయటికి లాగాను. తరువాత పొద్దు గూకేదాకా అక్కతో కలిసి నీళ్లు మళ్లించాను. ఒక మూల పోయింది, మిగతా పసుపు దక్కింది. ఆ సిమ్మును మామకిస్తే, తిరిగి నా చేతిలోనే పెట్టి, "నువ్వే వాడుకో. గా పిల్లలు మస్తు ప్రేమగ పిలుస్తున్నరు" అన్నాడు.

ఇప్పటికీ నా నంబరు అదే. మామ ఇప్పుడు పొలానికి నడిచిపోయి బటన్ నొక్కుతాడు. అయినా అప్పుడప్పుడు పొద్దున్నే నాకు ఫోన్ వస్తుంది. "అయ్యో, నువ్వా? మోటరనుకున్న" అంటాడు. పెట్టేయడు. తిన్నవా, పిల్లలు బడికి పోయిండ్రా, మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అన్నీ అడుగుతాడు. ఇన్నేళ్లయినా నిజంగా మరిచిపోయే చేస్తున్నాడా అని నేను మాత్రం అడగను.