మునిలక్ష్మికి ఎంగేజ్ వస్తే చాలు

ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చిందని సంబరపడే మనిషిని ఎక్కడైనా చూశారా? చిత్తూరులో ఒకావిడ ఉండేది. పేరు మునిలక్ష్మి. ఒక ప్రైవేటు పాల డెయిరీ హెడ్డాఫీసులో ఇరవై రెండేళ్లుగా టెలిఫోన్ ఆపరేటరు. మేనేజరు గది బయట, మెట్ల పక్కన ఆమె కుర్చీ, ఎదురుగా ఫోన్ల బోర్డు. ఎవరింట్లో పెళ్లిచూపులో, ఏ డ్రైవరు ఎవరి మీద అలిగాడో ఆమెకు తెలిసినంత మేనేజరు రఘునాథ్‌కు కూడా తెలియదు. తెలిసినా ఒక్క మాట బయటికి పొక్కనిచ్చేది కాదు, అదీ ఆమె పెద్దరికం.

2002లో పలమనేరు, పాకాల, కాణిపాకంతో కలిపి ఆరు ఊళ్లలో పాలు చల్లబరిచే కేంద్రాలకు కంప్యూటర్లు వచ్చాయి. ఒక్కో కేంద్రంలో ఒక చిన్న సర్వరు. పొద్దున ఎన్ని పాలు పోశారో అది ఫోన్ లైను మీదే చిత్తూరుకు పంపాలి, చిత్తూరు నుంచి చీటీ తిరిగి వెళ్తేనే అక్కడ ట్యాంకరు కదలాలి. ఆ లైనేమో మాటిమాటికీ తెగిపోయేది. తెగిన సంగతి తెలుసుకునే ఉపాయం మునిలక్ష్మే కనిపెట్టింది. కేంద్రంలో ఉన్నది ఒకటే ఫోను. దాని మీద కంప్యూటరు మాట్లాడుతుంటే ఎంగేజ్ వస్తుంది. రింగయిందంటే లైను తెగినట్టే. రోజూ ఏడింటికి ఆరు నంబర్లూ తిప్పి, ఎంగేజ్ వినబడితే హమ్మయ్య అనుకునేది.

"దీనికి బిల్లు కూడా పడదు సార్, ఎవురూ ఎత్తరు కదా" అని మేనేజరుకు భరోసా ఇచ్చింది.

మరుసటి ఏడు రూపేష్ వచ్చాడు. కంప్యూటర్ల పని చూసే ఇంజనీరు, పాతికేళ్లవాడు, పలమనేరు పక్క పల్లె. వస్తూ వస్తూ ఒక ఫ్లాపీలో పట్టేంత ప్రోగ్రాము తెచ్చాడు. దాన్ని బోర్డు పక్కనున్న పాత కంప్యూటర్లో వేస్తే తెర మూల అరచేయంత కిటికీ తెరుచుకుంది. అందులో ఆరు ఊళ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక చుక్క.

"ఇది నిమిషానికోసారి అన్ని సర్వర్లనూ పలకరిస్తాదక్కా. పలికితే పచ్చ, పలక్కుంటే ఎరుపు. ఎరుపైతే టింగుమంటాది. అంతే" అన్నాడు.

మునిలక్ష్మికి అది చాలా నచ్చింది. కాని మేనేజరుకు అంతకంటే ఎక్కువ నచ్చింది. చుక్కలు చూడడానికి ప్రత్యేకంగా మనిషెందుకు, బోర్డు దగ్గర కూడా ఇప్పుడు పెద్దగా పని లేదు, వచ్చే ఒకటో తేదీ నుంచి ఆమె పలమనేరు ప్యాకింగులో చేరాలని చెప్పేశాడు. అంటే రోజూ రానూపోనూ బస్సు, చలిగదిలో ఎనిమిది గంటలు నిలబడి ప్యాకెట్లు ఏరడం. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు, మోకాళ్లకు ఇంకో పదేళ్లు ఎక్కువ. అన్నిటికీ మించి ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. అయినా ఎదురు చెప్పలేదు. నెలాఖరు దాకా చుక్కల ముందు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది. అలవాటు చావక ఏడింటికి నంబర్లు కూడా తిప్పుతూనే ఉంది.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున ఆరు చుక్కలూ వరిమడిలా పచ్చగా ఉన్నాయి. పాకాల ఎంగేజ్. కాణిపాకం ఎంగేజ్. పలమనేరు రింగయింది. అక్కడి కేంద్రం చూసే కుప్పయ్య ఎత్తాడు.

"ఏమక్కా, ఇంతసేపా? గంట నించీ మిషను సచ్చి పడుండాది. తొట్టి నిండిపాయ, ట్యాంకరు కదల్లే, రైతులు క్యాన్లు పెట్టుకోని నా మింద అరస్తా ఉండారు!"

"మరి ఫోను సెయ్యొచ్చు కదప్పా?"

"ఇంక ఫోన్లొద్దు, చిత్తూర్లోనే ఎర్రగా కనిపిస్తాది, మేమే సూసుకుంటామని మీ రూపేష్ చెప్పిపాయ కదా!"

మునిలక్ష్మి చుక్క వంక చూసింది. పచ్చగా వెలుగుతోంది. రూపేష్‌ను కేకేసింది. అతను ముందు లైను కలిపించి, కుప్పయ్యకు చీటీ పంపి, ఆ తర్వాత కిటికీ మీదికి వంగాడు.

"అక్కా, దీన్ని ఎవురో ఆపేసినారు. నిన్న సాయంత్రం నించీ ఇది ఎవుర్నీ పలకరించలే. అప్పుటి చుక్కలే అట్లే నిలబడిపోయినాయి."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. నిన్న సాయంత్రం ఫోన్లో మాట్లాడుతుంటే, ఏదో ఊరి లైను తెగుతూ కలుస్తూ అది టింగు టింగుమని ప్రాణం తీసింది. చుక్కలన్నీ మళ్లీ పచ్చబడగానే, ఇక నోరు మూయించుదామని రెండు గీతల బొమ్మ మీద నొక్కింది. నోరు మూతపడింది, దాంతోపాటు పనీ ఆగింది.

ఎవరో నొక్కారులే అని ఊరుకుంటే సరిపోయేది. ప్రోగ్రామే మంచిది కాదంటే ఇంకా మేలు, కుర్చీ దక్కేది. ఆ ఆలోచన ఆమెకు రాలేదని చెప్పను. వచ్చింది, రెండు నిమిషాలు కూర్చుంది కూడా. తర్వాత లేచి మేనేజరు గదిలోకి నడిచింది, వెనకాలే రూపేష్.

"తప్పు నాది సార్. టింగుమంటాందని నేనే నొక్కినాను. ప్రోగ్రాములో ఏ దోషమూ లేదు."

రఘునాథ్ మొహం ఎర్రబడింది.

"అన్నీ పచ్చగా ఉంటే పలమనేరు సంగతి నీకెట్లా తెలిసిందమ్మా?"

"ఫోను చేసినా సార్. రింగయింది."

మేనేజరు రూపేష్ వైపు తిరిగాడు. "ఈమె ప్యాకింగుకు పోయుంటే ఈ పొద్దు ఎవురప్పా ఫోను చేసుండేది?"

రూపేష్ నిజాయితీగా ఆలోచించాడు. "ఎవురూ చేసుండరు సార్. పచ్చగా ఉంటే నేను కాఫీకి పోతాను."

రఘునాథ్ డ్రాయరు లాగి ఆమె బదిలీ కాగితం తీశాడు. ఇంకా సంతకం కాలేదు. దాన్ని తిరగేసి, వెనకవైపు ఖాళీలో ఆరు ఊళ్ల పేర్లు వరసగా రాసి, కింద 'ప్రతిరోజూ ఉదయం ఏడు గంటలకు ఆపరేటరు ఫోను చేసి చూడవలెను' అని సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు.

మునిలక్ష్మి కాగితం పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. అంతలో బోర్డు మోగింది. ఎత్తింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఎవరో ఏమిటో అడగకుండానే అవతలి మనిషిని ఒక్క నిమిషం ఉండమని ఆపి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.