మడుగు దగ్గర అవ్వ

పెంచి చెప్పే అలవాటు నాకు లేదు. వడమాలపేటలో ముప్పై ఏళ్ళు కొట్టులో తూకం వేసి బతికినవాణ్ణి. ఇప్పుడు చెప్పేదానికి ఒక్క గింజ కూడా కలపను. నమ్మకపోతే చెంగల్రాయుణ్ణి అడగండి. పుత్తూరులోనే ఉన్నాడు. ఆ రాత్రి నాతో ఉన్నది వాడే.

డెబ్బైల చివర... మాకు పాతికేళ్ళు కూడా లేవు. మామండూరు నుంచి అడవిలోకి ఒక పాత కాలిదారి ఉంది. బస్సులు లేని కాలంలో జనం ఆ దారినే దేవుడి కొండకు నడిచేవాళ్ళు. మా నాయన కూడా నడిచాడట. దారి మధ్యలో లోతైన కోన, దాని అడుగున మడుగు. ఎంత ఎండాకాలమైనా ఎండదని చెప్పేవాడు. దాన్ని చూడాలని మా ఇద్దరికీ పిచ్చి. ఏటా ఒక పున్నమికి అక్కడ తీర్థం జరుగుతుంది. ఆ తోపులాటలో ఎందుకు, తీరిగ్గా చూద్దామని పున్నమి వెళ్ళిన నాలుగో రోజు బయలుదేరాం.

జనం వెళ్ళిపోయిన అడవి వేరేగా ఉంటుంది... అది అక్కడే తెలిసింది.

మడుగు కనబడేసరికి పొద్దు వాలిపోయింది. బండల మీదుగా దిగుతుంటే చెంగల్రాయుడి కాలు జారింది. చూస్తుండగానే చీలమండ ఉబ్బిపోయింది.

"నడవలేనప్పా. ఈడనే తెల్లారనీ," అన్నాడు పళ్ళు బిగించి.

మడుగుకు పైన ఒక పెద్ద బండ. దానిమీద పడుకోబెట్టాను. చుట్టూ ఎండుగడ్డి. మంట వేయాలంటే భయం. చీకటి పడింది... చంద్రుడు ఇంకా రాలేదు. వాడికి దాహం. మరచెంబులో చుక్క లేదు. టార్చి తీసుకుని నేనొక్కణ్ణే దిగాను.

సగం దూరం దిగానో లేదో... ఆగిపోయాను.

బుడ... బుడ... బుడ...

నీళ్ళలో చెంబు ముంచితే వచ్చే చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత నీళ్ళు తిరిగి మడుగులోకి పారబోసిన చప్పుడు. మళ్ళీ ముంచడం... మళ్ళీ పారబోయడం.

ఏదో జంతువు నీళ్ళు తాగుతోందనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. టార్చి వేశాను. బ్యాటరీలు అయిపోవచ్చాయి, వెలుగు పసుపుగా అవతలి ఒడ్డును అందీ అందనట్టు తాకింది. మడుగు అవతలి అంచున, వంగిన రాతి కింద, ఏదో ముద్దలాగా... మనిషి కూర్చున్నట్టు... నా వైపు వీపు పెట్టి.

"ఎవురు నాయనా?"

ముసలి గొంతు. మామూలు గొంతు. మన ఇంటి ముసలివాళ్ళు అడిగినట్టే. కానీ నా ఒళ్ళంతా చల్లబడింది.

"దావలో మావోళ్ళు కనబడినారా? ఇద్దురు కొడుకులు, కోడలు. ఈడనే కూసోమని సెప్పి పోయినారు."

కనబడలేదని చెబితే ఏమవుతుందో... లేచి నా వైపు వస్తుందేమో... ఆ భయంలో నోటికి వచ్చింది అన్నాను.

"వస్తా ఉండారవ్వా."

చెంబు ముంచడం ఆగింది. తర్వాత ఒక నిట్టూర్పు. నీళ్ళ మీదుగా, నా చెవి పక్కనే విన్నట్టు.

"అట్నా... సల్లని మాట సెప్పినావు నాయనా. ఎంతమందిని అడిగినా ఎవురూ పలకలా." మళ్ళీ తనే, "నువ్వు నిలబడినకాడ పాచి ఉండాది. సూసి దిగు," అంది.

కాలి కింద తడిమాను. పాచే. ఇంకో అడుగు వేసి ఉంటే జారి మడుగులో పడేవాణ్ణి... ఆ చీకట్లో నాకే కనబడలేదు. ఆమెకెలా తెలిసిందో ఈ రోజుకీ తెలియదు.

మరచెంబు నింపుకుని పైకి వచ్చాను. వెనక్కి చూడలేదు. చెంగల్రాయుడికి చెబితే వాడి మొహం పాలిపోయింది.

"మళ్ళా పిలిస్తే పలకబాక. నీకు దండం పెడతా," అన్నాడు.

పిలిచింది.

"నాయనా... వస్తా ఉండారా?"

చెంగల్రాయుడు నా మణికట్టు పట్టుకున్నాడు. నేను పలకలేదు. చంద్రుడు వచ్చాడు. మడుగంతా వెండిలా మెరిసింది, ఆ వంగిన రాతి కింద తప్ప. అక్కడ నల్లటి నీడ. అందులోంచే మళ్ళీ... "వస్తా ఉండారా నాయనా?" కోపం లేదు ఆ గొంతులో. అడిగి అడిగి అలసిపోయినట్టుంది. మూడోసారి తెల్లవారుజామున పిలిచింది. పేరు తెలియని మనిషిని పిలిచినట్టు... మెల్లగా, మొహమాటంగా. తర్వాత ఆగిపోయింది.

వెలుగు రాగానే పరుగెత్తుకుని దిగాను. "అవ్వా! అవ్వా!" అని అరిచాను. కోనే తిరిగి పలికింది. రాతి కింద తీర్థానికి వచ్చినవాళ్ళు వదిలేసిన విస్తర్లు, కర్పూరం మసి, తెగిన చెప్పు ఒకటి. అందులో ఏది ఎవరిదో ఎలా చెప్పను?

చెంగల్రాయుణ్ణి భుజాన వేసుకుని సాయంత్రానికి మామండూరు చేరాను. టీ కొట్టు దగ్గర చెప్పాను. ఇద్దరు మనుషులు మర్నాడే వెళ్ళి వెతికారు. ఏమీ లేదన్నారు. ముసలామె తప్పిపోయిందని ఎవరూ వచ్చి అడగలేదట. "అడివిలో అట్టాంటివి ఉంటాయిలే అప్పా, బతికొచ్చినారు సాలు," అన్నాడు టీ కొట్టాయన.

ఇంటికి వచ్చి మా అమ్మకు అంతా చెప్పాను. దిష్టి తీస్తుందనుకున్నాను. తీయలేదు. ఒక్క మాట అడిగింది.

"అన్నం తిన్నావా అవ్వా అని అడిగినావారా?"

లేదు. ఆ రాత్రి మా సంచిలో పెరుగన్నం అలాగే మిగిలిపోయింది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా దయ్యమే అంటారు. మీరూ అదే అంటారు. అయ్యుండొచ్చు... అయ్యుంటే బాగుండు. ఇప్పటికీ మెలకువ వచ్చినప్పుడల్లా దేవుణ్ణి అదే కోరుకుంటాను, అది దయ్యమే అయ్యుండాలని. మనిషే అయితే...