ఆరు సూత్‌ల చెక్క

మా అక్కకి కీళ్ళవాతం. మోకాళ్ళకి కాదు, వేళ్ళకి. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చీరల దుకాణంలో పాతికేళ్ళు చీరలు విప్పి, పరిచి, మడతపెట్టిన వేళ్ళు రెండేళ్ళలో పక్కకి వంగిపోయాయి. దుకాణానికి రావడం మానేసింది. ఇంటికి ఎవరొచ్చినా చేతులు కొంగు కింద దాచుకుని కూర్చుంటుంది. వేళ్ళు ఆడిస్తూ ఉండకపోతే బిగుసుకుపోతాయని డాక్టర్ చెప్పి, నొక్కడానికి ఒక స్పాంజి బంతి ఇచ్చాడు. అది మూడో రోజుకే ఫ్రిజ్ మీదకి చేరింది. చిన్నపిల్లకి ఇచ్చినట్టు ఇచ్చాడని ఆమెకి చిరాకు.

మా చిన్నప్పుడు సరూర్‌నగర్‌లో మా గల్లీ చివర వీడియో గేముల దుకాణం ఉండేది. నన్ను ఇంటికి లాక్కురమ్మని అమ్మ అక్కని పంపేది. అక్క వచ్చి, నన్ను పక్కకి నెట్టి, తనే ఆడేది. మగపిల్లలంతా వెనక మూగి చూసేవాళ్ళు. ఇంటికెళ్ళాక ఇద్దరికీ కలిపి తిట్లు పడేవి. అలాంటి గేమ్ పెట్టె ఇంట్లోనే ఒకటి చేయిస్తే బంతితో పని లేకుండా వేళ్ళు ఆడతాయి కదా అని నాకు తోచింది. అడిగితే "చూద్దాం తీయ్‌" అంది. వద్దనలేదు. నాకు అంతే చాలు.

పెట్టె తయారైంది. దాని మీద జాయ్‌స్టిక్, బటన్లు బిగించే పై చెక్క ఒక్కటే మిగిలింది. దాని మందం దగ్గర నేను నెల రోజులు ఆగిపోయాను. జాయ్‌స్టిక్‌ని చెక్క కింద నుంచి బిగిస్తారు, కడ్డీ రంధ్రంలోంచి పైకి వస్తుంది. చెక్క ఎంత మందం ఉంటే కడ్డీ అంత పొట్టి అవుతుంది. పొట్టి కడ్డీని వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలి, అది అక్క వల్ల కాదు. పొడుగ్గా ఉంటే అరచేత్తో నెట్టినా కదులుతుంది. ఇంటర్నెట్‌లో కొందరు పన్నెండు మిల్లీమీటర్లు అన్నారు, కొందరు పద్దెనిమిది అన్నారు. వాళ్ళ చేతులు బాగున్నాయి, ఎన్నైనా అంటారు. నేను ఆరు అని తేల్చేశాను.

"ఆరంటే అప్పడంలా ఊగుతుందండీ. వదినగారు చేతులు ఆనిస్తే ఏం కావాలి?" అంది మా ఆవిడ. ఆమెది తెనాలి. నేను వినలేదు. నాకు ఒకటి తట్టిందంటే ఇంకెవరి మాటా చెవికెక్కదు, ఒప్పుకుంటాను.

ఎల్బీనగర్‌లో పెట్టె చేసిన కార్పెంటర్ భాయ్‌కే ఫోన్ చేశాను. అరవై దాటిన మనిషి.

"మందం ఎంత అన్నా?" అని అడిగాడు.

"ఆరు."

"ఆరు సూత్?"

మా సొంతూరు పోచంపల్లి. తాతల కాలం నుంచి మగ్గం పని. నూలు తెచ్చే ఉత్తరాది వ్యాపారులు దాన్ని సూత్ అనేవాళ్ళు, అందుకని ఆ మాట నాకు తెలుసు. తెలుసనుకోవడమే నన్ను ముంచింది. నూలు పోగు సన్నగా ఉంటుంది, మిల్లీమీటరూ సన్నగానే ఉంటుంది, పాతకాలం మనిషి మిల్లీమీటర్‌ని అలా అంటున్నాడు కాబోలని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. "ఆ, ఆరు సూతే" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

ఆదివారం పొద్దున భాయ్ చెక్క తీసుకుని ఆటోలో వచ్చాడు. చూస్తే ముప్పావు అంగుళం మందం.

"ఇదేంది భాయ్, తలుపు చేస్తున్నమా?" అన్నాను.

"నువ్వే కద అన్నా ఆరు సూత్ అన్నవ్. ఎనిమిది సూత్‌లైతే అంగుళం. గిది కరెక్టే ఉంది."

అయినా వచ్చింది కదా అని జాయ్‌స్టిక్ బిగించి చూశాం. కడ్డీ బొటనవేలంత కూడా పైకి రాలేదు. అక్క రెండుసార్లు పట్టుకోబోయింది, రెండుసార్లూ జారింది. "నాతోని కాదురా. నీ పిల్లలకు పెట్టుకో" అని చేతులు మళ్ళీ కొంగు కిందకి తీసుకుంది. నేను భాయ్ మీద అరిచాను. తప్పు నాదని తెలిసే అరిచాను.

భాయ్ జాయ్‌స్టిక్ ఊడదీసి, చెక్కని అక్క ముందుకి జరిపాడు.

"అక్కా, జర చేతులు గీడ పెట్టు" అని, ఎలా పెట్టాలో తన చెయ్యి పెట్టి చూపించాడు. ఆయన చూపుడువేలు సగమే ఉంది. ఎప్పుడో మిషన్ రంపం తీసుకుపోయిందట. అక్క ఆ వేలి వంక చూసింది. లేచి లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. రెండు చేతులూ బయటికి తీసి చెక్క మీద పెట్టింది.

భాయ్ ఆ వేళ్ళ చుట్టూ మెల్లగా పెన్సిల్‌తో గీత గీశాడు. వాటిని నేను సరిగ్గా చూసింది అప్పుడే. చిటికెన వేలు అంతలా పక్కకి పడిపోయిందని నాకు తెలియదు. నెల రోజులుగా చెక్క మందం గురించే తిరిగాను, ఆమె చెయ్యి ఒక్కసారీ చూడలేదు. చాలా సిగ్గేసింది.

"గీ వేలు ఎటు పోతే బటన్ అటు పోతది" అన్నాడు భాయ్. "మొత్తం చెక్క సన్నగ చేస్తే చేతులకు ఆసరా ఉండదన్నా. కడ్డీ బిగించే కాడ ఒక్కటే కింద నుంచి తొలుస్తా. ఆడ రెండు సూత్ మిగుల్తది. తక్కిందంత ఆరు సూతే ఉండనీ."

రెండు సూత్‌లంటే ఇంచుమించు నా ఆరు మిల్లీమీటర్లే.

మిషన్ తెప్పించి, వాకిట్లో కూర్చుని తొలిచాడు. వరండా అంతా పొట్టు. మధ్యాహ్నానికి కడ్డీ పైకి లేచింది, బటన్లు గీతల్లో వేళ్ళ కొసలు ఉన్నచోటే కూర్చున్నాయి. ఒకటి ఎగువకి, ఒకటి దిగువకి, ఏ రెండూ ఒక వరసలో లేవు.

అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మణికట్లు చెక్క మీద ఆనించి, అరచేత్తో కడ్డీని నెట్టింది. తెర మీద మనిషి నడిచాడు. రెండు గుంటలు ఎగిరి దాటాడు, మూడో గుంటలో పడి చచ్చాడు. నా ప్రాణం ఉసూరుమంది. స్క్రూ ఏదైనా వదులైందేమోనని చెక్క కిందకి దూరాను.

"చెక్క మంచిగనే ఉందిరా, బయటికి రా" అంది అక్క. "నేను ఆడక ముప్పై ఏండ్లయితుంది, అంతే. మళ్ళ పెట్టు."