బోణీ బేరంలో తెచ్చిన నాలుగు టైర్లు

ఉస్మాన్‌గంజ్ దగ్గర ఒక ఉదయం నేనాడిన బేరం లాంటిది మా గల్లీలో ఇంతవరకు ఎవరూ ఆడలేదు. నాలుగు కారు టైర్లు, చెప్పిన ధరలో సగానికి తెచ్చాను. ఆ టైర్లే తర్వాత మా అత్తమ్మ భుజం విరగ్గొట్టాయి. మొదటి మాట నలుగురిలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే తెలియదు. రెండోది మొన్నమొన్నటి దాకా గొంతులోనే ఉంది. నవ్వుతున్నప్పుడూ ఉంది, దీపం పెడుతున్నప్పుడూ ఉంది. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మొత్తం చెప్పగలుగుతున్నాను.

మా నాన్నకు లాడ్ బజార్‌లో చిన్న గాజుల దుకాణం. ధర వినగానే గిరాకీ చేయి సంచి మీదికి పోతుందా, వేసుకున్న గాజులు తీయడానికి పోతుందా అని చూసి మనిషిని అంచనా కట్టడం నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది. నాన్న రెండు సంగతులు మాత్రం గట్టిగా నేర్పాడు. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని వట్టి చేతులతో పంపితే బోణీ చెడుతుంది. కొనేవాళ్లు ఒక ధర అని, అమ్మేవాడు సరేనన్నాక వెనక్కి తగ్గితే పరువు పోతుంది. మొదటిదాన్ని ఎదుటివాడి మెడకు ఎలా తగిలించాలో పెళ్లయి ధూల్‌పేట్ వచ్చాక బాగా సాధన చేశాను. ఫ్రిజ్ కొనాలన్నా, పట్టుచీర కొనాలన్నా గల్లీవాళ్లు నన్ను వెంటబెట్టుకుని షట్టర్లు లేచే వేళకు బయల్దేరేవాళ్లు. రెండోది నా మెడకే తగులుతుందని అప్పటికి తెలియదు.

మా మరిది మల్లేశ్ ఒక పాత కారు కొని కిరాయికి తిప్పేవాడు. వానలు మొదలయ్యే ముందు టైర్లు అరిగిపోయాయి.

"వదినా, నువ్వు నడువు. నేనొక్కన్నే పోతే వాడు ఎంతంటే గంత ఇచ్చొస్త," అన్నాడు.

"వస్త గని, దుకాణంల నువ్వు నోరు తెరవద్దు."

అతను నోరు తెరవలేదు. దుకాణం ముందు లారీవాడు హారన్ మోగిస్తుంటే కారు పక్కకు తీయడానికి వెళ్లాడు. నేనూ, దుకాణదారూ మిగిలాం. ఆయన రెండు రకాల టైర్లు నా ముందు నిలబెట్టాడు. రెండిటి పక్కనా ఒకే మాట అచ్చు వేసి ఉంది: ఆల్ సీజన్. నాకు తేడా తెలియలేదు. తెలియనట్టు కనిపించడం నాకు చేతకాదు. లోతైన గాడులున్నదాని ధర చెప్పాడు. నేను సగం చెప్పాను.

"అమ్మా, పొద్దుగాల పొద్దుగాల గిదేంది? గా ధరకు గీ మాల్ రాదు."

"బోణీ భాయ్. పంపిస్తవా, పోమంటవా?"

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత రెండో టైరు మీద చేయి వేశాడు.

"సరే. నువ్వన్న ధరకు గిది తీస్కపో. గని ఒక మాట. గిది ఏండ్ల సంది గోడౌన్ల వడున్న మాల్. కొత్తదే, ఒక్కసారి గూడ తిరగలే. కానీ రబ్బరు గట్టివడ్డది. ఎండల ఫికర్ లేదు, వానల జారుతది. కిరాయి బండికైతే వద్దంట. తెల్వదు అనకు మల్ల, నేను జెప్పిన."

చెప్పాడు. అంత స్పష్టంగా చెప్పాడు. నేనన్న ధరకు ఆయన సరే అన్నాడు, అది వేరే టైరుకైనా సరే. ఇప్పుడు వద్దంటే ఓడిపోయింది నేను. లాడ్ బజార్ బిడ్డ అడిగిన ధరకు మాల్ దొరికితే వద్దని వెళ్లిపోయిందనుకుంటాడు. మల్లేశ్ ఉత్త చేతులతో నన్ను ఇంటికి తీసుకెళ్తాడు. నా ముందు ఒక మనిషి ప్రాణం ఉందని ఒక్క క్షణమైనా అనిపించలేదా? అనిపించింది. అదే నేను దాచింది. అనిపించాకే తీసుకున్నాను.

అంతటితో ఆగానా? టైరు మీద ఒక వైపు నాలుగంకెల ముద్ర ఉంటుంది, ఏ వారం, ఏ ఏడాది తయారైందో తెలిపేది. దుకాణదారు వేలు పెట్టి చూపించాడు. మల్లేశ్ కారు తెచ్చి నిలబెట్టి చాయ్‌కి వెళ్లాక, బిగించేటప్పుడు ఆ వైపు లోపలికి పెట్టమన్నాను. ఆయన నావైపు ఒక చూపు చూసి, పనివాడికి సైగ చేశాడు. మల్లేశ్ వచ్చేసరికి నాలుగు చక్రాలూ నిగనిగలాడుతున్నాయి. "వదినా, నువ్వు మనిషివి గాదు," అన్నాడు మురిసిపోతూ. నిజమే అన్నాడనిపిస్తుంది ఇప్పుడు.

ఆ వానాకాలమే, అత్తమ్మను చుట్టాలింటి నుంచి తీసుకొస్తుంటే ఫ్లైఓవర్ దిగే చోట బ్రేకు వేశాడు. కారు ఆగలేదు. నీళ్ల మీద పక్కకు తిరిగి డివైడర్‌ను గుద్దింది. అత్తమ్మ ఎడమ భుజం విరిగింది. మల్లేశ్ మెల్లగానే నడిపానని ఒట్టు పెట్టుకున్నాడు. "నిమ్మళంగ పోనియ్‌రా అంటే ఇన్నవా?" అని అత్తమ్మ మంచం మీదినుంచే తిట్టింది. టైర్లను ఎవరు అనుమానిస్తారు, గాడులు అరగనేలేదు. కొన్నాళ్లకు మల్లేశ్ కూడా తనను తాను నమ్మడం మానేశాడు. "నా కాలే తప్పినట్టుంది వదినా," అన్నాడు. కారుకు కవర్ కప్పి, బేగంబజార్‌లో కిరాణా దుకాణంలో తూకం పనికి కుదిరాడు. తల్లి అతని బండెక్కలేదు, అతను ఎవరినీ ఎక్కించుకోలేదు.

ఆస్పత్రి బిల్లులో కూడా నేను కొంత తగ్గించాను. అందుకు అత్తమ్మ నన్ను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు నేను తీసుకున్నాను, చూడండి.

ఎందుకు చెప్పలేదు? ఆ సాయంత్రమే చెప్పి ఉంటే ఒక లొల్లితో పోయేది. తర్వాత రోజురోజుకూ చెప్పడం ఖరీదైపోయింది. గల్లీలో నా పేరు బేరం మీదే నిలబడి ఉంది, ఆ పేరు నిలబడడానికి ఒక మనిషి తన కాలిని తానే నమ్మకుండా బతుకుతుంటే నేను వంటింట్లోంచి చూస్తూ, రేపు చెబుదాం అనుకుంటూ, పప్పులో తాలింపు వేసుకుంటూ ఉండిపోయాను.

ఈ ఏడు మల్లేశ్ కారు అమ్మేస్తానన్నాడు. కొనడానికి ఒకతను వచ్చాడు. బేరం నన్నే ఆడమన్నారు. నేను మంచి ఊపు మీద ఉన్నాను, అతను వంగిపోతున్నాడు కూడా. చివరికి టైర్ల దగ్గర కూర్చుని, "గివి కొత్తగనే ఉన్నయ్ గద," అన్నాడు.

"టైర్లకేం రోగం లేదు భాయ్. మా వదిన తెచ్చినయ్," అన్నాడు మల్లేశ్. "తప్పంత నాదే."

నా నోరు నన్ను అడగకుండా తెరుచుకుంది.

"గవి మంచియి గావు. నాకు తెల్సే తెచ్చిన."

కొనేవాడు పైకి చూశాడు. "ఏందమ్మా, అమ్మెటోళ్లు గిట్ల గూడ చెప్తరా?"

చెప్పాను. దుకాణదారు మాటలు, నేను లోపలికి తిప్పించిన ముద్ర, అన్నీ చెప్పాను. అత్తమ్మ గడపలో నిలబడి వింటూనే ఉంది. మల్లేశ్ ఫోన్ లైటు వేసుకుని కారు కిందికి దూరాడు. అంకెలు చదివాడు. బయటికి వచ్చి చేతులకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"ఇన్ని దినాలు గిది నాతోని ఎందుకు మోయించినవ్ వదినా?"

మీతో నిజం చెప్పాలి, ఆ నిమిషంలో నాకు సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువైంది. గుండెలోంచి ఇనుప షట్టర్ ఒకటి గడగడా పైకి లేచినట్టయింది. చెడగొట్టుకున్న బేరాలన్నిట్లో అంత గర్వపడింది ఇంకొకటి లేదు.

కారు అమ్మలేదు. మర్నాడు టైర్ల దుకాణానికి మల్లేశే తీసుకెళ్లాడు. లోతు గాడులవి తనే ఎంచాడు, ముద్ర తనే చదివాడు. ధర చెప్పగానే నేను డబ్బు తీసి ఇచ్చాను. ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. అత్తమ్మ కొంగు తల మీద కప్పుకుని ముందు సీట్లో కూర్చుంది. "పోనియ్‌రా బిడ్డా," అంది. వీధి చివర మలుపులో బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. కారు గీత గీసినట్టు ఆగింది, మళ్లీ కదిలింది. నేను గడపలో తడుస్తూ, ఎవరో గెలిచినట్టు చేతులు రెండూ పైకెత్తాను. వాళ్లు చూడలేదు. నన్ను రమ్మనీ అనలేదు. మల్లేశ్ ఇప్పటికీ నాతో అవసరానికే మాట్లాడతాడు.

ఇక బిల్లు. ఆనాడు మిగిల్చింది తొమ్మిది వేలు. ఇప్పుడు టైర్లు, బిగింపు, ఆగిపోయిన బ్యాటరీకి బదులు కొత్తది, అన్నీ కలిపి ఇరవై ఆరు వేల ఐదు వందలు. కారు ముందుభాగం బాగుచేయించిన ఖర్చు, అత్తమ్మ భుజం ఖర్చు వేరే. అవి అంకెలు, తీర్చేస్తాను. మల్లేశ్ తూకం ముందు నిలబడ్డ ఇన్నేళ్లకు అతను ఇంకా ధర చెప్పలేదు. ఎప్పుడు చెప్పినా, ఎంత చెప్పినా, ఆ ధరకు బేరమాడను.