ఏటిసూతకంలో టెంపెస్ట్

టెంపెస్ట్ అనే యుద్ధ విమానం పేరు ఎంతమంది విన్నారో నాకు తెలియదు. నేను మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. విని విని చెవులు చిల్లులు పడ్డాయి. మా మావయ్యగారు కుర్రతనంలో వైమానిక దళంలో ఫిట్టరు. ఆ విమానాల ఇంజన్లు విప్పి బిగించడం ఆయన పని. తర్వాత కోనసీమలో కొబ్బరితోట చూసుకుంటున్న రోజుల్లోనూ ఆయన నోట ఆ ఇంజన్ల మాటే. ఆ పిచ్చి కొడుక్కీ అంటింది.

"పాపం, దానికి అదృష్టం లేదే," అనేవారు మావారు, పెళ్ళి కుదరని పిల్ల గురించి చెబుతున్నట్టు. రెండో ప్రపంచ యుద్ధం కోసం ఇంగ్లండులో తయారుచేశారట. మావయ్యగారు పనిచేసిన రకం సిద్ధమయ్యేసరికి యుద్ధమే అయిపోయింది. మన దేశం కొన్నాళ్ళు వాడుకుని, జెట్లు రాగానే పక్కన పెట్టేసింది. శత్రువు మోసపోయి వాటిమీదే బాంబులు వేసుకోవాలని కొన్నింటిని దిష్టిబొమ్మల్లా ఎండకీ వానకీ వదిలేస్తే, తర్వాతెప్పుడో విదేశాల వాళ్ళు వచ్చి ఆ తుక్కు కొనుక్కుపోయారు. ఇవాళ ప్రపంచంలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. వాటిలో ఒకటి ఢిల్లీలో మ్యూజియంలో ఉంది. అన్నం వడ్డిస్తుంటే ఈ కథ, కరెంటు పోతే ఈ కథ. నాన్నని తీసుకెళ్ళి చూపిస్తానని ఏటా అనడం, ఏటా ఏదో అడ్డం రావడం. చివరికి మావయ్యగారు చూడకుండానే పోయారు.

ఆ నెలలోనే మావారి కళ్ళ సంగతి బయటపడింది. షుగరు. రాజమండ్రిలో కంటి డాక్టరుగారు రెండు కళ్ళూ పరీక్షించి, "ఇంజక్షన్లు చేద్దామండి, కానీ చూపు ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను. చూడాలనుకున్నవి త్వరగా చూసేయండి," అన్నారు. బయటికి రాగానే మావారు మెట్ల మీద కూలబడిపోయి, "ఢిల్లీ వెళ్ళొద్దామే," అన్నారు.

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. పిల్లల్ని చూడాలని లేదు, నన్ను చూడాలని లేదు, ఆ ఇనపముక్కని చూడాలట! అయినా సరే, టిక్కెట్లు తీద్దామన్నాను.

మావారి అక్కగారు ఒప్పుకోలేదు. "ఏటిసూతకంలో అంత దూరం యాత్రలేంటిరా? కర్మ చేసినవాడివి. సంవత్సరీకాలు అయ్యేదాకా కదలకూడదు."

"మ్యూజియానికి వెళ్తే యాత్రేంటండీ వదినగారూ? అక్కడేమైనా దేవుడున్నాడా?" అన్నాను.

"వీడికి అది దేవుడికంటే ఎక్కువేగా!" అన్నారావిడ. మావారు తల వంచుకున్నారు.

ఆగాం. నెలనెలా మాసికం పెట్టారు. నెల మారేకొద్దీ పిండం పెట్టే చెయ్యి ఇంకాస్త తడుముకునేది. నువ్వుల గిన్నె ఎక్కడుందో నేను చెప్పాల్సి వచ్చేది. మడి కట్టుకుని వంట చేసేసరికే నాకు ఓపిక అయిపోయేది, ఇంక దెబ్బలాటకి ఎక్కడుంటుంది? "పోనీ బయల్దేరదామండీ," అంటే, "నాన్న పని పాడుచేసి నాన్న విమానం చూడమంటావా?" అనేవారు.

సంవత్సరీకాల నాడు భోక్తలు లేచాక పంతులుగారితో మాటల్లో ఈ సంగతి చెప్పాను. చెయ్యి కడుక్కుంటున్న ఆయన ఆగిపోయారు.

"అయ్యో, ఆ పట్టింపు తీర్థయాత్రలకేనమ్మా! ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళలేదూ? అలాగే ఢిల్లీ వెళ్ళి రావచ్చు. నెలనెలా వస్తూనే ఉన్నాను కదా, ఒక్కసారి నన్నడగొచ్చుగా?"

ఎవరమూ అడగలేదు. మా ఇళ్ళల్లో ఇలాంటివి ఆడపడుచు చెబితే అయిపోయినట్టే.

ఢిల్లీలో ఆ పెద్ద షెడ్డులో బోర్డులు చదువుకుంటూ, మోచెయ్యి పట్టుకుని ఆయన్ని నడిపించాను. టెంపెస్ట్ అని రాసి ఉన్నచోట ఆగాం. నిజం చెప్పొద్దూ, నా కంటికి అదీ మిగతావాటిలాగే ఉంది. "వచ్చేశామండీ," అన్నాను.

"ముక్కు గుండ్రంగా ఉందా?"

"ఉందండీ."

"ముందు ఫ్యానుకి రెక్కలెన్ని?"

"నాలుగు."

"అదేనే," అన్నారు. "దీనిమీద నాన్న చెయ్యి పడే ఉంటుంది."

చెప్పులు విడిచారు. రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకోకుండా, దణ్ణం పెట్టారు. ఆయనకి ఎదురుగా ఉన్నది షెడ్డు గోడ. విమానం కుడిచేతి వైపుంది.

నేను రెండు భుజాలూ పట్టుకుని మెల్లిగా తిప్పాను.

"ఇటా?" అన్నారు.

"ఇటేనండీ."