ఆమె పేరు రాసుకుని వెళ్ళిన రోజులు

నర్సింగ్ చివరి సంవత్సరం పరీక్షలు వాయిదా పడిన ఆ ఎండాకాలంలోనే కరోనా రెండోసారి విరుచుకుపడింది. నాంపల్లిలో ఒక దవాఖానకి మనుషులు చాలడం లేదనీ, ఇష్టమున్న విద్యార్థులు సాయానికి రావచ్చనీ క్లాసులో చెప్పారు. నేను చెయ్యి ఎత్తలేదు. నా పక్కన కూర్చున్న మహాతల్లి తన చెయ్యితోపాటు నా చెయ్యి కూడా పట్టుకుని పైకెత్తేసింది.

"మేమిద్దరం వస్తం మేడం" అంది.

బయటికి రాగానే నేను ఒంటికాలి మీద లేచాను. నా చెయ్యి ఎత్తడానికి నువ్వెవరివే అని అడిగాను. "నువ్వెట్లయిన వస్తవు. రెండు దినాలు ఆలోచించి, మీ అమ్మనడిగి, ఏడ్చి, అప్పుడు వస్తవు. గదంత ఎందుకు?" అంది. నిజమే మరి.

మాది తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి అబిడ్స్‌లో స్థిరపడిన కుటుంబం. మూడు తరాలుగా ఇక్కడి నీళ్ళు తాగుతున్నా మా నోళ్ళని 'అండి' వదల్లేదు. ఆమె అచ్చంగా నాంపల్లి పిల్ల. వాళ్ళ నాన్నకి అబిడ్స్‌లో వాచీలు బాగుచేసే దుకాణం, అగ్గిపెట్టంత. కూతురి నోరు మాత్రం చార్మినారంత. బస్సు కండక్టరునైనా ప్రిన్సిపాల్‌నైనా ఒకే గొంతుతో దబాయించేది. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. 'ఓ అండీ' అనేది.

వార్డులోకి వెళ్ళే ముందు ఆ తెల్ల సూటు, మాస్కు, కళ్ళద్దాలు తొడుక్కుంటే అందరం ఒకే మనిషిలా ఉండేవాళ్ళం. అందుకని ఛాతీ మీద మార్కరుతో పేరు రాసుకోవడం అక్కడి పద్ధతి. చేతులకి గ్లవ్స్ వేసుకుని ఎవరి గుండె మీద వాళ్ళు రాసుకుంటే అక్షరాలు వంకరపోయేవి. అందుకే జతలో ఒకరికి ఇంకొకరు రాసేవాళ్ళం. ఆమె నా పేరు పెద్దగా రాసి, దాని కింద చిన్నగా 'అండి' అని తగిలించేది. సిస్టర్లందరూ చదివి నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలావిడ ఉండేది. నాంపల్లి స్టేషను దగ్గర పూలమ్ముకునే మనిషి. ఆక్సిజన్ పెట్టినా సరే, బోర్లా పడుకుంటేనే ఆవిడకి ఊపిరి అందేది. వెల్లకిలా తిరిగిందంటే వేలికి పెట్టిన మీటరులో అంకె జారిపోయేది. కానీ ఆవిడ వినదే! డాక్టరు నయాన చెప్పాడు, భయాన చెప్పాడు. నేను గడ్డం పట్టుకుని బతిమాలాను. "నాతోటి గాదు, నన్నిడిసిపెట్టున్రి" అని మూలిగేది.

అప్పుడు వచ్చింది మా మహాతల్లి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏయ్ ముసలమ్మా! నకరాలు చేస్తున్నవా? బోర్ల పండుతవా, నీ మీదెక్కి కూసోవాల్నా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముసలావిడ తల తిప్పి, ఆ ఛాతీ మీద పేరుని కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత కిసుక్కున నవ్వింది. బుద్ధిగా బోర్లా తిరిగింది. ఇక ఆ రోజు నుంచి గంజి తాగాలన్నా, మందు మింగాలన్నా ఆ పేరున్న పిల్లే రావాలి. "ఇంటికి పొయ్యేనాడు నీ మొఖం జూస్తనే. మొఖం లేని పిల్ల నన్ను గింత తిట్టుడేంది?" అనేది.

ఒక పొద్దున సూటు తొడుక్కోబోతూ ఆమె అలాగే గోడకి ఆనుకుని కూలబడింది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. అదే దవాఖానలో పై అంతస్తులో చేర్చారు. స్ట్రెచర్ మీద నుంచి నా కొంగు లాగినట్టు నా సూటు పట్టుకు లాగింది.

"ముసలమ్మకు నా సంగతి చెప్పకు. అది నా మాట తప్ప ఇంకెవ్వరి మాట వినదు. బోర్ల పండకుంటే పోతదే. నా పేరు రాసుకొని పో."

అలాగే చేశాం. మాలాగే సాయానికొచ్చిన ఇంకో క్లాస్‌మేట్ నా ఛాతీ మీద ఆమె పేరు రాసింది. నేను మంచం దగ్గరికెళ్ళి గొంతు గట్టిగా పెట్టి, "మామ్మగారూ, కాస్త బోర్లా పడుకుంటారా అండీ?" అన్నాను. అనేశాక నాలిక్కరుచుకున్నాను. ఆవిడ నా ఛాతీ మీది పేరు వంక చాలాసేపు చూసింది. తర్వాత బోర్లా తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత ఎవరి డ్యూటీ అయినా ఆ మంచం చూసుకునే పిల్ల ఆ పేరే రాయించుకుని వెళ్ళేది. మా నాటకం పండిందని మురిసిపోయాం. పైకి వెళ్ళి చెప్తే, మూతి మీద ఆక్సిజన్ మాస్కుతో ఆమె ఫోనులో టైపు చేసి చూపించింది: 'నీ లెక్క మెత్తగ చెప్తే కూడ విన్నదా? నేను నమ్మ.'

తర్వాత టైపు చేసే ఓపిక కూడా పోయింది.

ఆమె పోయిన పొద్దున వాళ్ళ నాన్న గేటు బయట నిలబడి ఉన్నాడు. ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు. "రాత్రి ఏమన్న తిన్నదా బిడ్డా?" అని నన్నడిగాడు. నేను ఏం చెప్పానో నాకిప్పటికీ గుర్తు లేదు. ఆయన గేటు ఊచలు పట్టుకుని అక్కడే కింద కూర్చోవడం గుర్తుంది. దేవుడి మీద నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఇంకా ఎన్నో బస్సుల్లో ఎందరినో దబాయించాల్సిన పిల్ల.

ఇంటికి వెళ్ళిపొమ్మని సిస్టరు చెప్పింది. కానీ కిటికీ పక్క మంచం మాటేమిటి? సూటు వేసుకుని నిలబడ్డాను. మార్కరు పట్టుకున్న నా క్లాస్‌మేట్ ఒక్క అక్షరం రాసి ఆగిపోయింది.

"ఎట్ల రాయాలె?" అంది.

"రాయవే" అన్నాను. తను ఏడుస్తూ రాసింది. నేను ఏడుస్తూ రాయించుకున్నాను. లోపలికి వెళ్ళాక కళ్ళు తుడుచుకునే వీల్లేదు.

ముసలావిడ నన్ను చూసి, "అద్దాలు మసకైనయ్ ఏందే?" అని అడిగింది. చెమట అండి, అన్నాను. మెల్లగా బోర్లా తిరిగి పడుకుంది.

ఆవిడ కోలుకుంది. ఇంటికి పంపే రోజు కొడుకు ఆటో తెచ్చాడు. చక్రాల కుర్చీ గేటు దాకా తోసుకొచ్చాను. ఆ రోజు నా ఒంటి మీద సూటు లేదు, పేరు లేదు.

"మొఖం చూపియ్యి" అంది. కాస్త దూరంగా జరిగి మాస్కు తీశాను. ఎగాదిగా చూసింది.

"నువ్వు గాదు. నాకు మొదటి దినమే ఎరుకైంది. అది రాకుంట అయినంక మీరు ఒక్కలన్న నన్ను తిట్టిన్రా? అండి, గారు అనుకుంట..."

నాకు సిగ్గేసింది. "మరి మా మాట ఎందుకు విన్నారు?" అని అడిగాను.

"పేరు రాసి అదే పంపింది గదా మిమ్ముల. దాని మాట కాదంటనా?" అంది. తర్వాత నా వెనకాల మెట్ల వైపు చూసింది. "ఏదది? ఏడున్నది?"

ఊరికి వెళ్ళిందని చెప్పాలని ముందే అనుకుని ఉంచుకున్నాను. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"ఏయ్ ముసలమ్మా! నకరాలు చేస్తున్నవా? మాస్కు పైకి జరుపు. ఎక్కు ఆటో!"

నా జన్మలో పెద్దవాళ్ళని అలా అనలేదు. ఆవిడ ముందు కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే నా కళ్ళలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇంక ఎక్కడుందని అడగలేదు. మాస్కు ముక్కు మీదికి జరుపుకుంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. ఎక్కాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఇంట్ల గూడ బోర్లనే పండుత అని చెప్పు దానికి" అంది.

చెప్తానన్నాను.