గాలి దుకాణం

నాకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదిది, రోగమే అనుకోండి. జనగామలో మా ఇంటి ముందు గదిలో నా బ్యూటీ పార్లర్ ఉండేది. మూఢం వచ్చిందంటే, అంటే పంతుళ్లు ముహూర్తాలు లేవని చెప్పే రోజుల్లో, ఒక్క పెళ్లికూతురూ గడప తొక్కదు. అద్దం తుడిచిందే తుడిచేదాన్ని. దువ్వెనలు కడిగినవే కడిగేదాన్ని. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, లేచి గుమ్మం దాకా పోయి వచ్చేదాన్ని. మూఢం పోగానే పెళ్లిళ్లన్నీ ఒకే ముహూర్తానికి వచ్చి పడేవి. లింగాల ఘనపూర్‌లో ఒక పిల్లకు, మా వీధిలోనే ఇంకో పిల్లకు, ఇద్దరికీ ఒకే గంటకు నేనే కావాలి. వేరే మనిషిని పంపుతానంటే ఒప్పుకోరు. ఉత్తగా పోయిన రోజుల్లోని నా చేతిపనిని ఏ డబ్బాలోనైనా దాచిపెట్టి ఆ రోజు తీసి వాడుకోగలిగితే ఎంత బాగుండేదో అనిపించేది.

పక్క గదిలో మా అత్త కిరాణా దుకాణం. నా పని మొదటి నుంచీ ఆమెకు నచ్చలేదు. బేరం లేని మధ్యాహ్నం వచ్చి నా కుర్చీ వెనక నిలబడేది.

“నా పప్పు ఇయ్యాల పోకుంటే రేపు అమ్ముడువోతది. నీ కుర్సీల ఇయ్యాల ఎవ్వరు కూసోలే. ఆ పొద్దు మల్ల వస్తదా? గాలి దుకాణం పెట్టినవు బిడ్డా.”

నాకు ఒళ్లు మండేది. డిగ్రీలో కామర్స్ చదివినదాన్ని. సేవ చేతికి దొరకదనీ, నిల్వ చేసుకోలేమనీ, చేసే మనిషి నుంచి విడదీయలేమనీ పరీక్షలో నీటుగా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అదే సంగతిని ఈమె తిట్టులా ముఖాన కొడుతుంటే, కడిగిన దువ్వెనలే మళ్లీ కడగడానికి లేచేదాన్ని. మా ఆయన అటు తల్లినీ అనడు, ఇటు నన్నూ అనడు. మా ఇద్దరి మధ్యా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చోవడం ఆయనకు బాగా అబ్బిన విద్య.

చివరకు అత్తా నేనూ ఒక మాట మీదికి వచ్చాం. ఆ ఏడాది పెళ్లిళ్లు అయిపోయేలోగా జనగామ అవతల కొత్త దిక్కు నుంచి నాకు పిలుపులు మొదలవ్వాలి. లేకపోతే ఆ గది బియ్యం బస్తాలకు పోతుంది. సరే అన్నాను. అన్నానే గానీ, ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

అట్లాంటి రోజుల్లో కొత్తగూడ నుంచి ఫోను వచ్చింది. లింగాల ఘనపూర్‌లో నేను తయారుచేసిన పిల్లను ఎవరో చుట్టం చూసి నా నంబరు ఇచ్చిందట. పెళ్లికూతురే మాట్లాడింది. పిల్లగాడిది భూపాలపల్లి, బొగ్గుబాయిలో నౌకరి. పెళ్లి అక్కడే ఫంక్షన్ హాల్లో.

“అక్కా, నన్ను జర తెల్లగ చెయ్యి. వాళ్ల ఆడోళ్లు సూసిపోయి, పిల్లది రంగు తక్కువ అన్నరంట” అంది.

“నువ్వు రంది పెట్టుకోకు చెల్లె, నేను సూస్కుంట గద” అన్నాను. నా లెక్క నాకు ఉంది. భూపాలపల్లి ఆడవాళ్లు ఆ పిల్లను చూసి, ఎవరు చేశారని అడిగితే చాలు. ఒక్క పెళ్లితో ఆ దిక్కు తెరుచుకుంటుంది. మన పనిని అలమరలో పెట్టి చూపించలేం. నిన్నటి పెళ్లికూతురి ముఖమే మనకు బోర్డు.

పెళ్లికి ముందు రోజు రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. రైల్లో ఉన్నంతసేపూ సంచి తీసి చూడటం, మూయడం. పక్కన కూర్చున్న ఆమె, “ఏమన్న పోయిందా బిడ్డా?” అని కూడా అడిగింది. మహబూబాబాద్ నుంచి గూడూరు మీదుగా బస్సులో కొత్తగూడ చేరాను. పిల్ల ముఖం చూడగానే నాకు ప్రాణం కుదుటపడింది. మంచి చామనఛాయ, పెద్ద కళ్లు. పొద్దున్నే కూర్చోబెట్టుకుంటే చాలు, ఎవరూ నోరెత్తకుండా చేయగలననుకున్నాను.

తెల్లవారగానే మొదలుపెట్టాను. మధ్యాహ్నం ముహూర్తం, పోవాల్సింది దూరం. పొర మీద పొర వేశాను. మెడ దాకా, చెవుల వెనక దాకా తెల్లటి తెలుపు తెచ్చాను. కళ్ల పైన రంగులు, పెదాలకు ఎరుపు. పిల్ల అద్దంలో చూసుకుని, “నేనేనా అక్కా?” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి. ఒక ఫోటో తీసుకుందామని సంచిలో ఫోను వెతుకుతున్నాను. అంతలో పిల్ల పెద్దమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

“మైలపోలుకు పిల్లను తోల్కరాండ్రి. వాకిట్ల పీట ఏసినం.”

మైలపోలు అంటే పెళ్లికి ముందు ముత్తయిదువలు పిల్లను పీట మీద కూర్చోబెట్టి నెత్తి మీద నుంచి నీళ్లు పోసే స్నానం. మా ఇళ్లలో అది ముందు రోజే ముగిసిపోతుంది. ఇక్కడా అయిపోయే ఉంటుందనుకున్నాను. నేను అడగనైనా అడగలేదు, తెలుపు ధ్యాసలో పిల్లా చెప్పలేదు.

“నిన్ననే కాలేదా అవ్వా?”

“నిన్నెట్లయితది? మా దిక్కు బయలెల్లే ముందల్నే తీస్తం.”

“ఇంత తయారు చేసిన గద, జర నాలుగు సుక్కలు సల్లుండ్రి. ముఖం మీద పడకుంట.”

“సల్లుతె మైలపోలు అయితదా? మంచిగనే చెప్తున్నవు!” అని ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది.

వాకిట్లో ముగ్గు వేసి, నాలుగు మూలలా చెంబులు పెట్టి, వాటి చుట్టూ దారం చుట్టారు. నడుమ పీట మీద పిల్ల. ముత్తయిదువలు పాట అందుకున్నారు. ఒక్కొక్కరే పసుపు రాసి నీళ్లు పోశారు. మొదటి చెంబుకే నా తెలుపంతా కరిగి మెడ మీదుగా కారిపోయింది. కాటుక చెంపల మీదికి దిగింది. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. వాళ్ల పిల్ల, వాళ్ల వాకిలి, వాళ్ల ఆచారం. తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

ఇంక మళ్లీ చేసే టైము లేదు. చీర కట్టగానే కారులో కుక్కారు. ముందు సీట్లో పెద్దమ్మ, వెనక మేమిద్దరం. పిల్ల అన్న కారు నడుపుతున్నాడు. అడవి రోడ్డు, గుంత మీద గుంత. సీసా మూత తీశానో లేదో కారు ఎగిరింది, రంగు పిల్ల చెవి మీద పడింది. తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ముక్కు మీద గీత.

“అన్నా, జర మెల్లగ పోనియ్యవా?”

“మెల్లగ పోతె లగ్నం తప్పుతదక్కా” అన్నాడు అతను.

సీసాలన్నీ సంచిలో పడేశాను. పసుపు స్నానం చేసిన ముఖం, దాని మెరుపు దానికుంది. వేలికొసలతో కొంచెం క్రీము రాశాను. కళ్ల కింద కాటుక కారిన జాడ మాత్రం మాపాను. పెదాలకు ఉన్న రంగునే కాస్త పెంచాను. అంతవరకే కుదిరింది. కాటుకకు చెయ్యి నిలవదు. ములుగు దాటి ఘనపూర్ వచ్చాక, బతిమాలి రోడ్డు పక్కన కారు ఆపించాను. అది మా జనగామ దిక్కు ఘనపూర్ కాదు, భూపాలపల్లి దారిలోది. మిరపచేనుకు పోతున్న ఆడవాళ్లు కారు అద్దంలోంచి తొంగి చూస్తుండగా కాటుక దిద్ది, బొట్టు పెట్టాను.

“తెల్లగ చెయ్యలేకపోయిన చెల్లె” అన్నాను.

పిల్ల చేతి అద్దంలో చాలాసేపు చూసుకుంది. “పోనియ్యక్కా” అంది. ఆ మాటలో ఏముందో నాకు అందలేదు. భూపాలపల్లి చేరేదాకా నా కాళ్లు కారు నేల మీద కొట్టుకుంటూనే ఉన్నాయి. గది పోయిందనే అనుకున్నాను.

లగ్నం తప్పలేదు. తాళి కట్టాక ఆడవాళ్లు అక్షింతలు వేయడానికి వరుస కట్టారు. పిల్ల కొంగు సర్దుతూ నేను పక్కనే ఉన్నాను. పిల్లగాని మేనత్త వచ్చింది. నోరు పెద్దది, హాలంతా ఆమె మాటే వింటోంది. పెళ్లికూతురి గదవ పట్టుకుని ముఖం పైకెత్తింది.

“సూడుండ్రే, కొత్త కోడలు ఎంత కళగున్నదో! ఏమన్న పూసుకున్నదా? ఉన్న ముఖంతోని వచ్చింది. మీరంత డబ్బాలు డబ్బాలు రాసుకొని వస్తరు” అని వెనక ఉన్న కోడళ్లనూ బిడ్డలనూ వెక్కిరించింది. వాళ్లూ నవ్వుతూ ముందుకు వంగి చూశారు. రంగు తక్కువ అన్న నోళ్లే ఇవి అయి ఉండాలి.

ఇన్నేళ్లలో నా చేతి నుంచి అంత మంచి పని రాలేదు. నాకది అప్పటికే తెలిసింది. సంచిలో పార్లర్ కార్డులు చేతికి తగులుతున్నాయి. ఇది నేను చేసిన ముఖం అవ్వా అని ఒక్క మాట అంటే చాలు, ఆ వెనక ఉన్న ఆడవాళ్లందరూ నా చుట్టూ మూగుతారు. నాలుక కొస దాకా వచ్చింది. పిల్ల నా వైపు చూసింది. బతిమాలలేదు, చూసిందంతే. పొద్దున అద్దం ముందు ఎవరినో చూసినట్టు చూసుకున్న పిల్ల, ఇప్పుడు తన ముఖంతో తాను కూర్చుని ఉంది.

“అవునవ్వా, ఏం పూయలే” అన్నాను.

మేనత్త నన్ను కింది నుంచి మీదికి చూసింది. “నువ్వెవరు బిడ్డా?”

“పిల్ల తరఫు” అన్నాను.

“అయితె నిలవడ్డవేంది? పో, అన్నం తిను” అని నా భుజం తట్టి, వరుసలో ముందుకు జరిగింది.